తాడు పట్టిన చెయ్యి, ఫోను పట్టిన చెయ్యి

నల్లమలలో పెద్ద తేనెటీగల పట్టు కొయ్యడానికి చెంచు మగవాడు తాడు కట్టుకుని కొండచరియ కిందికి దిగుతాడు. పైన ఆ తాడును కాపలా కాసేది అతని బావమరిది. తోబుట్టువు బతుకు కూడా ఆ తాడుకే వేలాడుతోంది కాబట్టి అతను చెయ్యి వదలడని నమ్మకం. పక్కన నిలబడి చూసే పిల్లవాడికి ఎవరూ పాఠం చెప్పరు. తాడు ఎలా పేనాలో, పొగ ఎప్పుడు పెట్టాలో, ఎవరిని నమ్మాలో అన్నీ ఒకేసారి నేర్చుకుంటాడు. మా తాతలను "చదువు లేనివాళ్ళు" అని రాసిన కాగితాలు చాలానే ఉన్నాయి. ఈ చదువు మాత్రం వాటిలో ఏ గడిలోనూ కనిపించదు.

కృష్ణకు అవతల, నిజాం ఇలాకాలోని అమ్రాబాదు వైపు చెంచుల మధ్య ఉండి హైమండార్ఫ్ రాసిన పుస్తకం 1943లో అచ్చయింది. ఇవతల కర్నూలు జిల్లా మద్రాసు రాజధానిలో ఉండేది. పాలకులు వేరైనా అడవి ఒకటే, నేర్చుకునే తీరూ ఒకటే. జిగురు చెట్టుకు గాటు ఎంత లోతు పెడితే చెట్టు చావదో పెద్దవాళ్ళ వెంట నడిచినవాడికే తెలిసేది. ఆళ్ళగడ్డ శిల్పుల ఇళ్ళలోనూ ఇంతే కదా! తండ్రి ఉలి దెబ్బ విని విని కొడుకు చెయ్యి తిరిగేది.

చరిత్రను కూడా మా వాళ్ళు ఇలాగే దాచుకున్నారు. అహోబిలం నరసింహస్వామి చెంచులక్ష్మిని పెళ్ళాడి మాకు అల్లుడయ్యాడు. ఏటా కనుమ నాడు పారువేట మొదలైనప్పుడు చెంచులు పల్లకి మీదికి బాణం వేస్తారు. తర్వాత స్వామి నలభై రోజులకు పైగా ఆళ్ళగడ్డ చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరుగుతాడు. ఆ బాణం వేసే చేతిని చూసిన పిల్లవాడికి ఈ నేలతో తన చుట్టరికం ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. సుగాలీల వంశావళులనైతే భాట్‌లు, ఢాడీలు పాటలుగా మోసుకొచ్చారు. గోర్ బోలికి సొంత లిపి లేదు. ఆ లోటు ఆ పాటలకు ఎన్నడూ తెలియలేదు.

బడి వచ్చాక కథ మారింది. ఎరుకల వాళ్ళకైతే సర్కారు మొదట తెలిసింది పోలీసు హాజరు పట్టీ రూపంలోనే. 1871 నాటి నేరస్థ తెగల చట్టం 1911లో మద్రాసు రాజధానికీ వచ్చింది. దేశమంతటా అది రద్దయింది 1952లో. పేరు పిలిస్తే పలకడమంటే భయపడిన తాతల మనవళ్ళకు బడిలోనూ మొదట వినిపించింది హాజరు పిలుపే! 1970వ దశకంలో చెంచుల కోసం శ్రీశైలంలో ఐటీడీఏ వచ్చింది, ఆశ్రమ పాఠశాలలు వచ్చాయి. మాలో ఉద్యోగాలు చేసేవాళ్ళు, ఈ వ్యాసాలు రాసేవాళ్ళు ఆ హాస్టళ్ళ నుంచి వచ్చినవాళ్ళే. ఆ మేలు కాదనలేం. కానీ ఎక్కాలు, పద్యాలు బట్టీ పట్టిన ఆ ఏళ్ళలోనే అడవి పాఠాలు మాకు తప్పిపోయాయి. అందులో మా తరం పోగొట్టుకున్నది ఎక్కువ.

ఇక ఇప్పటి పిల్లలు. 2020 మార్చిలో బడులు మూతపడ్డాక పాఠాలు దూరదర్శన్ సప్తగిరిలో వచ్చాయి. టీవీ లేని గూడేనికి ఆ పాఠం చేరలేదు. 2022 డిసెంబరులో ఎనిమిదో తరగతి పిల్లలకూ ఉపాధ్యాయులకూ కలిపి ప్రభుత్వం ఐదు లక్షలకు పైగా ట్యాబులు పంచింది. పాఠ్యపుస్తకంలో క్యూఆర్ కోడ్ చేరింది. బైర్లూటి లాంటి అడవి అంచు గూడేల్లో సిగ్నల్ ఎంత, కరెంటు ఎంత అన్నది అక్కడ పనిచేసే టీచర్లను అడగాలి.

మాకు ఆశ్చర్యం కలిగించే సంగతి ఇంకొకటి ఉంది. ఫోను పట్టుకున్న పిల్లవాడు మా కంటే తాతకే దగ్గరగా ఉన్నాడు. మేం అక్షరం వెంట పోయాం. వాడు చూసి నేర్చుకుంటున్నాడు, విని నేర్చుకుంటున్నాడు, రానప్పుడు మళ్ళీ మళ్ళీ చూస్తున్నాడు. తండా పిల్లలు వాట్సాప్‌లో గొంతు రికార్డు చేసి గోర్ బోలిలోనే మాట్లాడుకుంటున్నారు. బడిలో చోటు దొరకని భాష ఫోనులో హాయిగా తిరుగుతోంది.

అయినా తేడా చిన్నది కాదు. వీడియోలో కొండ దిగేవాడి తాడు ఎవరి చేతిలో ఉందో చూసేవాడికి పట్టదు. తప్పు చేస్తే ఆపే మేనమామ అక్కడ లేడు. నచ్చకపోతే వేలితో తోసేస్తే మరో వీడియో వస్తుంది. అక్షరం మాటా అంతే. అసర్ సంస్థ 2023లో 28 జిల్లాల్లో 14-18 ఏళ్ళ వాళ్ళను పలకరించింది. దాదాపు 90 శాతం ఇళ్ళలో స్మార్ట్‌ఫోన్ ఉంది. వాళ్ళలో నాలుగో వంతు మంది సొంత ప్రాంతీయ భాషలో రెండో తరగతి పాఠాన్ని తడబడకుండా చదవలేకపోయారు. పట్టా కాగితం, అటవీ హక్కుల దరఖాస్తు, బ్యాంకు నోటీసు ఇంకా అక్షరాల్లోనే వస్తున్నాయి. వాటిని చదవలేనివాడిని మోసం చెయ్యడం పాత రోజుల్లో ఎంత తేలికో ఇప్పుడూ అంతే తేలిక.

అందుకే నంద్యాల, ఆళ్ళగడ్డ వైపు బడుల్లో పనిచేసే టీచర్లకు ఒక మాట. సెలవులకు ఇంటికి పోయే పిల్లలకు ప్రాజెక్టు ఇచ్చేటప్పుడు అవ్వ చెప్పే చెట్టు పేరు, తాత చెప్పే దారి గుర్తు ఫోనులో రికార్డు చేసుకు రమ్మనండి. తిరిగి వచ్చాక ఆ మాటలను పిల్లల చేతే కాగితం మీద రాయించండి. విన్నదీ చదివేదీ అక్కడ కలుస్తాయి. ఒక జాగ్రత్త మాత్రం తప్పనిసరి. మందు చెట్టు ఆనవాలు యూట్యూబులో పెట్టాక దాన్ని వెనక్కి తీసుకోలేం. 2002 నాటి జీవవైవిధ్య చట్టం కింద ఊరి కమిటీలు ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు రాసుకోవచ్చు. అందులో ఏది రాయాలో, ఏది గూడెంలోనే నోటిమాటగా ఉండాలో చెప్పాల్సింది ఆ పెద్దవాళ్ళే. రికార్డు బటన్ నొక్కే ముందు పిల్లలు వాళ్ళను అడగాలి.