తుక్కులోంచి లేచిన శిల్పాలు

సూరత్‌లో మన తెలంగాణ నేత కుటుంబాలు బతికే లింబాయత్ వైపు వెళ్తే రేకుల షెడ్లు, వాటి కింద మరమగ్గాల మోత. ఆ అలల రేకుకు 1829లో పేటెంటు తీసుకున్నది లండన్ రేవుల్లో ఇంజనీరైన హెన్రీ పామర్. పలుచని రేకును అలలుగా వంచితే చాలు, వంగకుండా బరువు మోస్తుందని గ్రహించాడు. ఇలాంటి కార్ఖానా ఇనుము శిల్పుల చేతికి రావడానికి మాత్రం ఇంకో వందేళ్లు పట్టింది.

అంతకుముందు శిల్పమంటే ముఖ్యంగా రాయి చెక్కడం, లేదా కంచు పోతపోయడం. ముక్కలు అతికి బొమ్మ కట్టే దారి వెల్డింగ్‌తో తెరుచుకుంది. లోహపు పనివాళ్ల ఇంట పుట్టిన స్పెయిన్ శిల్పి హులియో గొంజాలెజ్ 1918లో ఫ్రాన్స్‌లోని రెనో కార్ల ఫ్యాక్టరీలో గ్యాస్ వెల్డింగ్ నేర్చుకున్నాడు. పదేళ్ల తర్వాత ఇనుప బొమ్మలు చేయడానికి పికాసో అతని సాయమే తీసుకున్నాడు. 1942లో సైకిల్ సీటుకు హ్యాండిల్ తగిలించి పికాసో ఎద్దు తల చేశాడు. సీటు ముఖమైంది, హ్యాండిల్ కొమ్ములైంది.

మన వైపు ఈ విద్యకు పేరు తెచ్చినవాళ్లు తెనాలి సూర్య శిల్పశాల శిల్పులు కాటూరి వెంకటేశ్వరరావు, ఆయన కొడుకు రవిచంద్ర. 2021లో వాళ్లు పాత నట్లు, బోల్టులతో 14 అడుగుల మోదీ విగ్రహం చేసినప్పుడు దేశమంతా చూసింది. నాకు మాత్రం అంతకుముందు వాళ్లు 75,000 నట్లతో చేసిన 10 అడుగుల గాంధీయే గొప్పగా తోస్తుంది. నట్టు వంగదు, సాగదు. చెంప గుండ్రన రావాలంటే ఒక్కో నట్టునూ పక్కదానికి కాస్త ఏటవాలుగా ఆనించి చుక్క వెల్డింగ్ పెట్టాలి. ఒక వరస పక్కకు జరిగితే ముక్కే మారిపోతుంది. వేడి ఎక్కువైతే అంచు కరిగి కారుతుంది. వేల సార్లు అదే జాగ్రత్త! ఆ ఓపికకు చేతులెత్తి మొక్కాలి.

సూరత్‌లో ఇప్పుడు వాటర్‌జెట్, ర్యాపియర్ మగ్గాలు వచ్చి పాత మరమగ్గాలు తుక్కు ధరకు పోతున్నాయి. అరిగిన పళ్లచక్రాలు, ఇరుసులు, బోల్టులు, అన్నీ మనవాళ్లు రాత్రీ పగలూ నడిపిన ఇనుమే. కరిగించే కొలిమికి చేరేలోగా అందులోంచి ఒక్క లారీ సరుకైనా తెనాలికి చేరాలి. దానితో నిలువెత్తు నేతగాణ్ణి చేయించి లింబాయత్‌లోనే నిలబెట్టాలి.