ఫైర్ హాల్ సంగతులు

పెన్సిల్వేనియాలోని మా చెస్టర్ కౌంటీలో ఉండే తెలుగువాళ్ళకి ఫైర్ హాల్, అంటే ఫైర్ స్టేషన్ పక్కనుండే హాలు, అనగానే గుర్తొచ్చేది మంటలు కాదు, ఫంక్షన్లు. అద్దె తక్కువ, పార్కింగ్ బోలెడు. ఆ అద్దె ఎవరి జేబులోకీ పోదు, పక్క షెడ్డులోని ఫైరింజనుకి డీజిల్ అవుతుంది.

ఆ ఇంజను నడిపేది జీతం లేని వాలంటీర్లే. ఈ పద్ధతికి మూలం పక్కనున్న ఫిలడెల్ఫియాలోనే ఉంది. 1736 డిసెంబరులో బెంజమిన్ ఫ్రాంక్లిన్ 30 మందిని కూడగట్టి యూనియన్ ఫైర్ కంపెనీ పెట్టాడు. తోలు బకెట్లు, గట్టి సంచులు ఎవరివి వాళ్ళే కొనుక్కుని సిద్ధంగా ఉంచుకోవాలి. బకెట్లు సరే, సంచులెందుకంటే, అంటుకున్న ఇంట్లోంచి సామాను చేరవేయడానికి. ఆ గందరగోళంలో దొంగలూ వస్తారు కదా! నెలకోసారి సాయంత్రం కలిసి కూర్చుని మంటల సంగతులు మాట్లాడుకోవాలి. రానివాళ్ళకి జరిమానా. ఆ డబ్బుతోనే పంపు ఇంజన్లు, నిచ్చెనలు, కొక్కేలు కొన్నారు. ఎగ్గొట్టినవాళ్ళ చేతే ఇంజను కొనిపించిన ఘనుడు ఫ్రాంక్లిన్. ఇంకా జనం చేరతామని వస్తే, మీరూ ఒకటి పెట్టుకోండి అన్నారు. అలా ఊరంతా కంపెనీలయ్యాయి.

తర్వాతి కథ అంత ముచ్చటగా లేదు. పందొమ్మిదో శతాబ్దంలో అవే ముఠాలై వీధుల్లో కొట్టుకున్నాయి. 1871లో నగరం జీతాల సిబ్బందిని పెట్టుకుంది.

మా వైపు మాత్రం పాత పద్ధతే నిలిచింది. ఫస్ట్ వెస్ట్ చెస్టర్ ఫైర్ కంపెనీ పుట్టింది 1799లో. ఇలాంటి స్టేషన్లలో గోడవారన బూట్లు వరసగా ఉంటాయి. ప్యాంటు ముందే వాటిమీదికి మడిచి దించి ఉంటుంది. కాళ్ళు దూర్చి ఒక్క లాగు లాగితే చాలు. పేజర్ మోగితే ప్లంబరైనా టీచరైనా తింటున్న కంచం వదిలి రావాల్సిందే. కొత్త ఇంజను 5 లక్షల డాలర్ల పైమాటే. అందుకే డబ్బు కూడబెట్టడానికి ఆదివారం పాన్‌కేకులు, క్రైస్తవుల ఉపవాస కాలమైన లెంట్ శుక్రవారాల్లో చేపల వేపుడు, బింగో ఆట. వంటింట్లో గరిటె తిప్పేవాళ్ళే రాత్రికి గొట్టం పట్టుకుంటారు. ఊళ్ళో ఎవరెవరో తెలిసేది కూడా అక్కడే.

1970లలో పెన్సిల్వేనియాలో దాదాపు 3 లక్షలున్న వాలంటీర్లు 2018 నాటి శాసనసభ కమిషన్ లెక్కల్లో 38,000కి పడిపోయారు. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలు చేస్తే గాని ఇల్లు గడవదు, ఆఫీసులు దూరం, శిక్షణకి బోలెడు గంటలు. నాకైతే మనవాళ్ళ మీదే కాస్త ఉక్రోషం. హాలు బుకింగు ఫారం అడుగుతాం గాని, సభ్యత్వం ఫారం అడగం. పద్నాలుగేళ్ళు నిండిన పిల్లల్ని జూనియర్లుగా తీసుకుంటారు. ఈమధ్య మన పిల్లలు ఒకరిద్దరు కనిపిస్తున్నారు. కాలేజీ అప్లికేషన్ కోసమేలెండి అంటారు వాళ్ళ అమ్మలు. ఎందుకైతేనేం, గొట్టాలు చుట్టడం నేర్చుకుంటున్నారు.