వెనకాల నిలబడ్డ పిన్ను

పిన్ను అనగానే మనకు జడలో పెట్టుకునేదో, పైటకు గుచ్చుకునేదో గుర్తుకొస్తుంది. నేను చెప్పబోయేది ఆ పిన్ను కాదు. 15 అంగుళాల ఎత్తు, సన్నని మెడ, బొద్దుపొట్ట, చూడ్డానికి పాలసీసాలాగా వుండే చెక్కపిన్ను. అలాంటివి పదింటిని ముక్కోణంగా నిలబెట్టి, 60 అడుగుల దూరం నుంచి బరువైన బంతిని దొర్లించి పడగొట్టడమే బౌలింగు ఆట. ఈ వయసులో నీకెందుకమ్మా ఈ ఆటలు అంటారేమో. నేనూ అలాగే అనుకున్నాను.

మొన్న వేసవిలో మా మనవడి పుట్టినరోజుకని ప్రొద్దుటూరు నుంచి హైదరాబాదు వెళ్ళాను. కేకు కోయడం ఇంట్లోనే అయింది గాని, ఆట మాత్రం మాల్లో. అక్కడ మన చెప్పులు విడిచి వాళ్ళిచ్చిన బూట్లు తొడుక్కోవాలట. చీరమీద బూట్లేమిటని నేను నసుగుతుంటే, "ఇక్కడ నిన్ను చూసేవాళ్ళెవరూ లేరులేమ్మా" అంది మా అమ్మాయి. ఆ మాట కాస్త గుచ్చుకున్న సంగతి నిజమే గాని, తొడుక్కున్నాను.

బంతికి మూడు బెజ్జాలు. మూడు వేళ్ళూ దూర్చి, ఇష్టదైవాన్ని తలుచుకుని వదిలాను. అది దారిలో ఆలోచించుకుంటూ ఆలోచించుకుంటూ పోయి పిన్నుల మధ్యకు దూరింది. దడదడమని పడ్డాయి. ఒక్కటే నిలబడింది!

"తొమ్మిది కొట్టానురోయ్" అన్నాను.

"లేదవ్వా, ఎనిమిదే. ఇంకా రెండున్నాయి. పైన చూడు" అన్నాడు మనవడు.

పైన తెరమీద పది సున్నాల ముక్కోణం. అందులో రెండు వెలుగుతున్నాయి. నేను కళ్ళద్దాలు తుడుచుకుని చూశాను, వంగి చూశాను, మెడ చాచి చూశాను. ఊహూఁ. నా కంటికి ఒక్కటే.

"రెండోది దాని వెనకాల దాక్కుందవ్వా."

"మరి ఆ తెరకెట్లా తెలిసిందిరా?"

"కెమెరా వుంటుంది కదా."

"కెమెరాలు లేని రోజుల్లో ఎవరు చెప్పేవాళ్ళు?"

వాడు భుజాలెగరేసి తన బంతి వెతుక్కోవడానికి వెళ్ళిపోయాడు. ఆ ప్రశ్న మాత్రం నాతోపాటు ప్రొద్దుటూరు బస్సెక్కింది.

ఇంటికొచ్చాక ముందు ముగ్గుతో లెక్క కట్టాను. ఒక చుక్క, దాని పైన రెండు, మూడు, నాలుగు. పది చుక్కలు. పిన్నులు నిలబెట్టే పద్ధతి అచ్చంగా ఇదే. ముందున్నది 1, తర్వాత 2, 3. ఆ తర్వాత 4, 5, 6. చివరి వరస 7, 8, 9, 10. ముగ్గును మనం పైనుంచి చూస్తాం కాబట్టి చుక్కలన్నీ కనబడతాయి. అదే వీధి చివర చతికిలబడి చూస్తే? 1 వెనక సరిగ్గా 5 దాక్కుంటుంది. 2 వెనక 8, 3 వెనక 9. ఇలా దాక్కున్న పిన్నును ఆటగాళ్ళు 'స్లీపర్' అంటారు, అంటే నిద్రపోయేదని. అది వుందని తెలియక రెండో బంతిని ముందున్నదానికి పక్కవాటుగా తగిలిస్తే, ముందుది పడుతుంది, వెనకది నవ్వుతూ నిలబడే వుంటుంది. అందుకే ఆ ఆటలో ఏవి నిలబడ్డాయో చెప్పే గుర్తు అలంకారం కాదు, అవసరం.

దూరానున్న సంగతి దీపం చెప్పడం మన సీమవాళ్ళకు కొత్తదేం కాదు. మా చెల్లెలిని పులివెందుల దగ్గర పల్లెకిచ్చాం. వాళ్ళకు చీనీతోట. కరెంటు ఏ అర్ధరాత్రో వచ్చే రోజుల్లో మా మరిది మోటారు కొట్టం పైన ఒక బల్బు వేలాడదీశాడు. మిద్దెమీద పడుకుని దాన్నే చూసేవాడు. బల్బు వెలిగితే కరెంటొచ్చినట్టు. టార్చిలైటు తీసుకుని, పాములకు జడుస్తూ, తోటకు పోయి మోటారు వేసి వచ్చేవాడు. తర్వాత ఆటో స్టార్టరు వచ్చింది. కరెంటు రాగానే మోటారు దానంతటదే తిరుగుతుంది. మరిది నిద్రపోతున్నాడు.

బౌలింగు దీపాల కథా ఇంచుమించు ఇదే. తేడా ఒక్కటే. అక్కడ అర్ధరాత్రి మేలుకొన్నవాళ్ళు తోట యజమానులు కారు, పిల్లలు.

పిన్నుల ఆట యూరపులో పాతది. జర్మనీ నుంచి వలస వెళ్ళినవాళ్ళు అమెరికాలో బాగా వ్యాప్తి చేశారు. 1895లో న్యూయార్కులో అమెరికన్ బౌలింగ్ కాంగ్రెస్ ఏర్పడి నియమాలన్నీ ఒక తీరుకు తెచ్చింది. అది మగవాళ్ళ సంఘం. ఆడవాళ్ళు ఆడేవాళ్ళే గాని ఆ లెక్కలో లేరు. 1916లో సెయింట్ లూయిస్‌లో 40 మంది ఆడవాళ్ళు కూడి తమ సంఘం తామే పెట్టుకున్నారు. ఆ రెండు సంఘాలూ 2005లో గాని ఒక్కటి కాలేదు. వెనక వరసలో వున్నవాళ్ళు మేమూ వున్నామని చెప్పుకోవడానికి ఎంత కాలం పడుతుందో చూడండి.

అయితే వాళ్ళకంటే వెనక ఇంకొకరున్నారు. బంతి తగిలాక పడ్డ పిన్నులను ఎవరు ఏరాలి? బంతిని ఎవరు వెనక్కి పంపాలి? మళ్ళీ ఎవరు నిలబెట్టాలి? దానికి 'పిన్‌బాయ్'లని కుర్రాళ్ళుండేవారు. పిన్నుల వెనక ఒక గుంట, దాని పైన చిన్న అరుగు. కుర్రాడు కాళ్ళు పైకి ముడుచుకుని ఆ అరుగుమీద కూర్చుంటాడు. బంతి వచ్చి కొడుతుంది. ఒక్కో పిన్ను సుమారు ఒకటిన్నర కిలోల బరువు. ఎటు ఎగురుతుందో దానికే తెలియదు. అన్నీ ఆగాక గుంటలోకి దూకి, పడినవి ఏరి, ఏడు కిలోల దాకా తూగే బంతిని ఎత్తి వాలుగా వున్న కమ్మెల మీద వెనక్కి దొర్లించి, మళ్ళీ పైకెక్కి కూర్చోవాలి. వెనక ఏది దాక్కుందో ఆటగాడికి కేకేసో, సైగ చేసో చెప్పాల్సింది కూడా వాడే. అంటే మొదటి దీపం ఆ కుర్రాడేనన్నమాట.

1910 ఏప్రిల్లో లూయిస్ హైన్ అనే ఆయన బ్రూక్లిన్‌లోని ఒక బౌలింగు శాలలో ఫోటో తీశాడు. పసిపిల్లల చాకిరీని మాన్పించాలని పనిచేసే సంఘం తరఫున దేశమంతా తిరిగి ఫోటోలు తీసిన మనిషి ఆయన. ఆ ఫోటో కింద రాసుకున్న సమయం రాత్రి ఒంటిగంట. మన ఇళ్ళలో అయితే దుప్పటి లాగి కప్పే వయసు పిల్లలు, ఆ వేళప్పుడు పనిలో వున్నారు. ఆ ఫోటో చూసి పక్కన పెట్టలేకపోయాను. ఎందుకో తర్వాత చెబుతాను.

1930లలో గాట్‌ఫ్రిడ్ ష్మిట్ అనే ఆయన పిన్నులు నిలబెట్టే యంత్రానికి రూపం ఇవ్వడం మొదలుపెట్టాడు. మొదటి నమూనాలకు పూలకుండీలు, దీపాల షేడ్లు కూడా వాడాడని చెబుతారు. ఏ.ఎం.ఎఫ్. కంపెనీ ఆ యంత్రాన్ని తీసుకుంది. 1946లో బఫెలో నగరపు పోటీల్లో దాన్ని జనానికి చూపారు. 1950లలో అది శాలలన్నిటికీ పాకింది. కొన్నేళ్ళకే బ్రన్స్‌విక్ కంపెనీ కూడా తన యంత్రంతో పోటీకి దిగింది.

కుర్రాడు పోయాడు సరే, వాడి కేక మాట? యంత్రానికి గొంతు లేదు. అందుకని దానికి దీపాలు పెట్టారు. పద్ధతి విన్నారంటే ఇంతేనా అంటారు. బంతి వెళ్ళాక ఒక బల్ల పైనుంచి పిన్నుల మీదికి దిగుతుంది. ఒక్కో పిన్ను చోటుకు నేరుగా పైన ఒక్కో మీట. పిన్ను నిలబడి వుంటే దాని తల తగిలి మీట నొక్కుకుంటుంది. కరెంటు తీగలో పారి, ముందు వైపు పలకమీద ఆ నంబరు దీపం వెలుగుతుంది. పిన్ను పడిపోయి వుంటే నొక్కేందుకు తల లేదు, దీపమూ లేదు. పది మీటలు, పది దీపాలు. మా మరిది కొట్టంమీది బల్బు పదింతలైందనుకోండి. ఒక్క మీటా నొక్కుకోలేదంటే అన్నీ పడ్డట్టే. దాన్నే 'స్ట్రైక్' అంటారు. అప్పుడు పెద్ద ఇంటూ గుర్తు వెలుగుతుంది. మన బడిలో ఇంటూ పడితే తప్పు, అక్కడ ఇంటూ పడితే చప్పట్లు!

ఈ దీపాల ముక్కోణానికి ఏ.ఎం.ఎఫ్. వాళ్ళు 'మేజిక్ ట్రయాంగిల్' అని ముద్దుపేరు కూడా పెట్టారు. ఇప్పుడు చాలాచోట్ల మీటల పని కెమెరా చేస్తోంది. ఇంకొన్నిచోట్ల పిన్నుల తలలకు తాళ్ళు కట్టి వుంటాయి. పిన్ను పడితే తాడు లాగుతుంది, ఆ లాగుడును బట్టి యంత్రం లెక్క వేసుకుంటుంది. తోలుబొమ్మలాటలాగా అన్నిటినీ తాళ్ళతో పైకి లాగి, నిలబడ్డవాటిని మాత్రం కిందికి దించుతుంది. అమెరికా బౌలింగు సంఘం 2023లో ఈ తాళ్ళ ఆటను కూడా గుర్తించింది.

ఇక ఆ ఫోటో సంగతి.

మా అమ్మ పుట్టిల్లు జమ్మలమడుగు. అటు వైపు నాపరాళ్ళ గనులు. సెలవులకు వెళ్ళి వచ్చేటప్పుడు అరచేతిలో పట్టేంత నాపరాతి ముక్కలు సంచిలో వేసుకుని ప్రొద్దుటూరు తెచ్చుకునేదాన్ని. మా వీధిలో ఏడుపెంకులాటకు అందరూ పగిలిన పెంకులు వాడితే నావి మాత్రం నున్నటి నాపరాళ్ళు. అదొక గొప్ప. మా ఇంట్లో అంట్లు తోమే ఆమె వెంట ఏడెనిమిదేళ్ళ కొడుకు వచ్చేవాడు. వాడి పని రాళ్ళు పేర్చడం, తుమ్మకంపలో పడ్డ గుడ్డబంతి తేవడం. నేను గీత దగ్గర నిలబడి "ఎన్ని పడ్డాయిరా?" అని కేకేస్తే, "మూడు పడినాయక్కా, నాలుగున్నాయి!" అని అక్కడినుంచి కేకేసేవాడు. వాడు ఆటలో అరటిపండు కూడా కాదు. అరటిపండుకైనా ఒక విసురు ఇస్తాం కదా.

ఒకరోజు కాలిలో ముల్లు తీసుకుంటూ, "ఒక్కసారి నన్నూ కొట్టనియ్యక్కా" అన్నాడు.

"రేపు" అన్నాను.

ఎందుకన్నానో ఇప్పటికీ తెలియదు. దుర్మార్గమేం కాదు. పొద్దుపోతోంది, నా వంతు మిగిలివుంది, అంతే. ఆ రేపూ రేపనే అన్నాను. ఆ ఏడు వానల్లేవు. వాళ్ళు పనికోసం ఎటో వలసపోయారు. అంట్లకు ఇంకొకామె కుదిరింది. ఆమెకు కొడుకుల్లేరని నేను విసుక్కోవడం కూడా నాకు గుర్తుంది. ఎవరికీ చెప్పని మాట, మీకు చెబుతున్నాను.

హైదరాబాదులో ఆ రోజు జరిగింది ఇంకొకటుంది. మా ఆట మధ్యలో యంత్రం ఎక్కడో బిగుసుకుపోయింది. తెరమీద బొమ్మ కదలడం లేదు. పిల్లలు గోల. అప్పుడు ఆ చివర పిన్నుల పక్కనున్న చిన్న తలుపు తెరుచుకుని ఒక కుర్రాడు వచ్చాడు. కుర్రాడంటే పాతికేళ్ళుంటాయి, యూనిఫారం వేసుకున్న మెకానిక్కు. లోపలికి వంగి ఏదో సర్దాడు. దీపాలు వెలిగాయి. పిల్లలు అతని వైపు చూడను కూడా చూడలేదు. దీపం వెలిగాక ఎవరు చూస్తారు?

బూట్లు తిరిగి ఇచ్చేటప్పుడు అతను కౌంటరు దగ్గరే వున్నాడు.

"నాయనా, నువ్వెప్పుడైనా ఆడతావా?" అన్నాను.

"రాత్రి మూసేశాక టెస్టింగుకని ఒకటీ అరా వేస్తాం మేడమ్" అన్నాడు నవ్వుతూ.

"మరి స్ట్రైక్ పడిందా ఎప్పుడైనా?"

"పడుతుంది మేడమ్. కానీ అప్పటికి తెరలు ఆపేసి వుంటారు కదా. ఎక్కడా వెలగదు."

ఈసారి సెలవులకు మా మనవడు ప్రొద్దుటూరు వచ్చాడు. జమ్మలమడుగు వెళ్ళినప్పుడు ఏడు నాపరాళ్ళు ఏరుకొచ్చి వీధిలో పిల్లలందరినీ పిలిచాను. ఆట మొదలయ్యే ముందు నియమం ఒకటే పెట్టాను. రాళ్ళు పేర్చినవాడిదే మొదటి విసురు. మనవడు కాసేపు మూతి ముడుచుకున్నాడు. తర్వాత వాడే పరుగెత్తుకెళ్ళి రాళ్ళు పేర్చడానికి కూర్చున్నాడు.