హైదరాబాదు రాజ్యంలో బోధనా భాష: ఉస్మానియా ప్రయోగం, రేగొండ ప్రశ్న

రేగొండ మండలం ఉన్న జిల్లాకు ఒక అధ్యాపకుని పేరు పెట్టారు. ప్రొఫెసర్ కొత్తపల్లి జయశంకర్ (1934-2011) రాజకీయోద్యమ సిద్ధాంతకర్తగానే ఎక్కువమందికి పరిచితులు. కాని ఆయన వృత్తి చదువు చెప్పడం. 1991 నుండి 1994 వరకు కాకతీయ విశ్వవిద్యాలయానికి ఉపాధ్యక్షులుగా పనిచేశారు. తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు మూడింటిపైనా పట్టున్న తరం ఆయనది. ఆ తరం వారికి మూడు భాషలు అబ్బడం ముచ్చటపడి నేర్చుకున్నందువల్ల కాదు. ఇంటి భాష ఒకటి, బడి భాష మరొకటి, పై చదువుల భాష ఇంకొకటి కావడం వల్ల.

2016 వరకు వరంగల్లు జిల్లాలో ఉండి, ఆ సంవత్సరం భూపాలపల్లి జిల్లాలో చేరిన రేగొండ ప్రాంతంలో ఈనాటికీ ఆ పరిస్థితి పూర్తిగా మారలేదు. ఇంట్లో ఉర్దూ, బజారులో తెలుగు, బడిలో ఇంగ్లీషు: ఈ ప్రాంతపు ముస్లిం బాలుడు చాలా చోట్ల ఈ మూడింటి మధ్యనే పెరుగుతాడు. విద్యలో నవీన పద్ధతులను గురించి నేడు విశేషంగా చర్చ జరుగుతున్నది. తెరపై పాఠాలు, యంత్రానువాదం, ద్విభాషా పుస్తకాలు, సార్వత్రిక విద్య మొదలైనవన్నీ అందులోకి వస్తాయి. ఐతే ఆ నవీనత ఏ భాషలో ఆ బాలుని దగ్గరకు వస్తున్నదన్నదే అసలు ప్రశ్న. ఇది కొత్త ప్రశ్న కాదు. ఈ గడ్డ మీదనే నూరేళ్ళ క్రితం ఒక మహాప్రయోగం దీనికి ఒక సమాధానం చెప్పింది. ఆ సమాధానంలో సగం సత్యం ఉన్నది. మిగిలిన సగం లోపించింది.

ప్రయోగానికి పూర్వం

19వ శతాబ్ది మధ్యలో మొదటి సాలార్ జంగ్ హైదరాబాదులో దారుల్ ఉలూమ్‌ను నెలకొల్పారు. 1870 దశకంలో మౌలానా అన్వారుల్లా ఫారూఖీ జామియా నిజామియాకు పునాది వేశారు. 1888లో ప్రాచీన అరబీ గ్రంథాలను పరిష్కరించి ప్రచురించే దాయిరతుల్ మఆరిఫ్ ఏర్పడింది. ఇవన్నీ ఘనమైన సంస్థలే. కాని ఆధునిక ఉన్నత విద్య విషయంలో రాజ్యం పరాధీనంగానే ఉండేది. నిజాం కళాశాల మద్రాసు విశ్వవిద్యాలయానికి అనుబంధం. దారుల్ ఉలూమ్ విద్యార్థులు పంజాబు విశ్వవిద్యాలయ పరీక్షలకు కూర్చునేవారు. ఎక్కడో తయారైన పాఠ్యప్రణాళిక, ఎక్కడో కూర్చిన ప్రశ్నపత్రం, తమది కాని భాష. ఇదీ నాటి విద్యార్థి స్థితి.

అప్పటికి రాజభాష ఫారసీ స్థానంలో ఉర్దూ స్థిరపడింది. ఆ రాజ్య జనాభాలో దాదాపు సగం మంది తెలుగువారు, నాలుగో వంతు మరాఠీవారు. కన్నడం మాట్లాడేవారు, ఉర్దూ మాతృభాషగా గలవారు ఒక్కొక్కరు పదో వంతుకు అటూ ఇటూగా ఉండేవారు. ఈ లెక్కను పాఠకులు గుర్తుంచుకోవాలి. తరువాతి కథ అంతా దీని చుట్టూ తిరుగుతుంది.

దారుల్ తర్జుమా

1917లో అక్బర్ హైదరీ ప్రభుత్వానికి ఒక విజ్ఞాపన సమర్పించారు. పరభాషలో చదివే విద్యార్థి శక్తి అంతా మాటలు బట్టీ పట్టడంలోనే వ్యయమై, విషయం పైన ఆలోచించడానికి ఏమీ మిగలడం లేదన్నది అందులోని ముఖ్య వాదం. మీర్ ఉస్మాన్ అలీఖాన్ దానిని ఆమోదించి ఫర్మానా జారీ చేశారు. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం స్థాపితమైంది. 1919లో తరగతులు ఆరంభమయ్యాయి. బోధన ఉర్దూలో, ఇంగ్లీషు ప్రతి విద్యార్థికీ తప్పనిసరి భాష. ఇంగ్లీషును వెలివేయలేదు, దానిని దాని చోట కూర్చోబెట్టారు. బ్రిటిషువారి ఏలుబడిలో ఉన్న ఈ దేశంలో ఒక భారతీయ భాషలో విశ్వవిద్యాలయ విద్య మొత్తం సాగించడం అదే మొదటిసారి.

బోధించాలంటే పుస్తకాలుండాలి. పుస్తకాలు లేవు. అందుచేత విశ్వవిద్యాలయం కంటే ముందే, 1917లోనే, దారుల్ తర్జుమా అనే అనువాద సంస్థను ప్రారంభించారు. భవనం కంటే ముందు గ్రంథాన్ని సిద్ధం చేయడం ఈ ప్రయోగంలోని అతి ముఖ్యమైన వివేకం. ఆర్ట్స్ కళాశాల భవ్యభవనం పూర్తయింది 1939లో. అప్పటికి ఇరవై ఏళ్ళుగా అద్దె ఇళ్ళలో, తాత్కాలిక భవనాలలో పాఠాలు జరుగుతూనే ఉన్నాయి. దారుల్ తర్జుమాకు తొలి అధిపతి మౌల్వీ అబ్దుల్ హక్. అబ్దుల్ మాజిద్ దర్యాబాదీ, సయ్యద్ అలీ నజ్మ్ తబాతబాయీ, మీర్జా హాదీ రుస్వా, జోష్ మలీహాబాదీ వంటి వారు వేర్వేరు కాలాల్లో అక్కడ పనిచేశారు. చరిత్ర, తత్త్వశాస్త్రం, గణితం, న్యాయం, వైద్యం మొదలైన శాస్త్రాలలో వందల గ్రంథాలు ఉర్దూలోకి వచ్చాయి. వైద్యవిద్యను సైతం ఉర్దూలో నేర్పారు.

ఇస్లామీయ చరిత్ర తెలిసిన వారికి ఇది వింతగా తోచదు. ఖలీఫా మామూన్ (పాలన 813-833) కాలపు బగ్దాదులో యవన గ్రంథాలు అరబీలోకి మారాయి. ఆ పనిలో అగ్రగణ్యుడైన హునైన్ ఇబ్న్ ఇస్‌హాక్ క్రైస్తవుడు. ఆయన మూలప్రతులను సేకరించి, ఒకదానితో ఒకటి పోల్చి, మాటకు మాట కాక భావానికి భావం తెచ్చేవాడు. జ్ఞానానికి మతం అడ్డు కాలేదు, భాషా అడ్డు కాలేదు. అడ్డు తొలగించిన వారు అనువాదకులు.

పరిభాష చిక్కు

అనువాదకులకు మొదట ఎదురైన చిక్కు సాంకేతిక పదాలది. ఇంగ్లీషు మాటనే ఉంచుకోవాలా? అరబీ ధాతువు నుండి కొత్త మాట పుట్టించాలా? లేక జనం నోట ఉన్న మాటకే శాస్త్రార్థం ఇవ్వాలా? దీనిపై గట్టి వాదోపవాదాలు జరిగాయి. మౌల్వీ వహీదుద్దీన్ సలీమ్ 'వజ్ఎ ఇస్తిలాహాత్' అనే గ్రంథమే రాసి, ఉర్దూ స్వభావానికి తగినట్లు దేశీయ పదసంపదను కూడా వాడుకోవాలని వాదించారు. ఆచరణలో మాత్రం అరబీ, ఫారసీ పదాలదే పైచేయి అయింది. వృక్షశాస్త్రం 'నబాతాత్' అయింది, భౌతికశాస్త్రం 'తబీఇయ్యాత్' అయింది.

ఐదు దశాబ్దాల తరువాత తెలుగులో ఇదే కథ పునరావృతమైంది. 1968లో తెలుగు అకాడమీ ఏర్పడి కళాశాల పాఠ్యగ్రంథాలను తెలుగులో తెచ్చింది. ఉర్దూ అరబీ వైపు చూసినట్లు, తెలుగు సంస్కృతం వైపు చూసింది. ఆకు ఎండలో ఆహారం తయారుచేసుకునే పనికి ఉర్దూలో 'జియాయీ తాలీఫ్' అన్నారు, తెలుగులో 'కిరణజన్య సంయోగక్రియ' అన్నారు. రెండూ శాస్త్రీయమైనవే. కాని పొలం గట్టు మీద నుండి బడికి వచ్చిన పిల్లవానికి రెండూ దూరమే. విద్యను మాతృభాషలోకి మార్చినంత మాత్రాన అది విద్యార్థి మాటలోకి మారినట్లు కాదని ఈ రెండు అనుభవాలూ చెబుతున్నాయి. పదం పుట్టించడం సగం పని. దానిని విప్పి చెప్పే ఉపాధ్యాయుణ్ణి తయారుచేయడం మిగిలిన సగం.

లోపించిన సగం

ఇక్కడ నిష్పక్షపాతంగా ఒక మాట చెప్పుకోవాలి. పరభాషలో చదువు బుద్ధిని మొద్దుబారుస్తుందన్న హైదరీ వాదం ఉర్దూ మాతృభాషగా గల బాలునికి ఎంత వర్తిస్తుందో, తెలుగు బాలునికీ మరాఠీ బాలునికీ అంతే వర్తిస్తుంది. కాని ఆ వాదాన్ని వారి దాకా విస్తరింపజేయలేదు. ప్రాథమిక దశలో మాతృభాషకు చోటున్నదని చెప్పినా, పైకి పోయే కొద్దీ ఉర్దూ తప్ప దారి లేదు. ఉస్మానియాలో తెలుగు ఒక పాఠ్యవిషయంగా ఉండేది, రాయప్రోలు సుబ్బారావు ఆ శాఖకు అధిపతిగా పనిచేశారు. కాని తెలుగు బోధనా భాష కాలేదు. ఇంగ్లీషు చేసిన అన్యాయాన్ని సరిదిద్దడానికి వచ్చిన ప్రయోగం, అధికసంఖ్యాకుల విషయంలో తానే ఇంగ్లీషు స్థానంలో కూర్చున్నది.

దాని ఫలితం చరిత్రలో స్పష్టంగా ఉంది. 1921 నవంబరులో హైదరాబాదులో జరిగిన ఒక సభలో ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో ప్రసంగించబోగా సభికులు గేలి చేశారు. ఆ అవమానం నుండే ఆంధ్ర జనసంఘం పుట్టింది. అంతకు పూర్వమే 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం, 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషా నిలయం వెలిశాయి. బడిలో దొరకని తెలుగును ప్రజలు గ్రంథాలయంలో వెతుక్కున్నారు. 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన తొలి ఆంధ్ర మహాసభ జరిగింది. 1943లో ఆంధ్ర సారస్వత పరిషత్తు ఏర్పడింది. 1938లో ఉస్మానియా వసతి గృహాల్లో వందేమాతరం వివాదం చెలరేగి, బహిష్కృతులైన విద్యార్థులు నాగపూరు వరకు పోయి చదువుకోవలసి వచ్చింది.

ఐనా ఈ వైరం భాషల మధ్య పుట్టినది కాదు, అధికారం వల్ల పుట్టినది. నేటి మహబూబాబాదు జిల్లాలోని చిన్నగూడూరులో 1925లో జన్మించిన దాశరథి కృష్ణమాచార్య నిజాం పాలనను ధిక్కరించి జైలుకు వెళ్ళారు. ఆ దాశరథే గాలిబ్‌ను 'గాలిబ్ గీతాలు'గా తెలుగుకు అందించారు. రాజును ఎదిరించిన చేతితోనే రాజభాషలోని కవిని ఆలింగనం చేసుకున్నారు. ఖురాన్‌ను తొలిసారి తెలుగులోకి అనువదించిన చిలుకూరి నారాయణరావు హైందవ పండితులు. ఇరుభాషల మధ్య వంతెన కట్టినవారు రెండు సమాజాల్లోనూ ఉన్నారు.

1948 తరువాత

1948 సెప్టెంబరులో హైదరాబాదు భారత యూనియన్‌లో విలీనమయ్యాక ఉస్మానియాలో ఉర్దూ స్థానాన్ని ఇంగ్లీషు ఆక్రమించింది. ముప్పై ఏళ్ళ గ్రంథసంపద, పరిభాష, బోధనానుభవం మూలకు పడ్డాయి. తెలుగువారికి జరిగిన అన్యాయం తొలగింది గాని వారి భాష వెంటనే ఆ పీఠం ఎక్కలేదు. ఉర్దూ విద్యార్థికి పైకెక్కే నిచ్చెన విరిగింది, తెలుగు విద్యార్థికి నిచ్చెన ఇంకా చేతికి రాలేదు. ఒక తరం పాటు ఇద్దరూ కిందనే నిలబడిపోయారు. ఈ సంగతిని గ్రహించకుండా ఒకరు ఉస్మానియా స్వర్ణయుగమని తలచుకోవడం, మరొకరు అదంతా చీకటి యుగమని కొట్టిపారేయడం చరిత్ర అనిపించుకోదు.

నిచ్చెన మళ్ళీ వేసిన ఘట్టాలు లేకపోలేదు. 1971లో సర్వేలులో తొలి గురుకుల పాఠశాల ఆరంభమైంది. 1976లో వరంగల్లులో కాకతీయ విశ్వవిద్యాలయం ఏర్పడి రేగొండ వంటి ప్రాంతాలకు పై చదువును దగ్గర చేసింది. 1982లో ప్రొఫెసర్ జి. రామ్‌రెడ్డి నాయకత్వంలో దేశంలోనే తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయం హైదరాబాదులో వెలసింది. నేడు అది డాక్టర్ బి. ఆర్. అంబేద్కర్ పేరుతో నడుస్తున్నది. బడికి పోని వారికి సైతం ప్రవేశ పరీక్ష ద్వారా పట్టా చదువుకు అవకాశం ఇచ్చి, పాఠాలను తెలుగులో ఇంటికే పంపడం నిజమైన నవీనత. 1998లో మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం హైదరాబాదులో ఆరంభమై, విరిగిన ఆ రెండో నిచ్చెనను తిరిగి నిలబెట్టింది.

నేటి ప్రయోగాలు, నాటి కొలబద్ద

2016లో తెలంగాణ ప్రభుత్వం మైనారిటీ గురుకులాలను 71 పాఠశాలలతో ప్రారంభించి, మరుసటి ఏడాదికి వాటిని 204కు పెంచింది. వాటిలో బోధన ఇంగ్లీషులో. 2022-23 నుండి ప్రభుత్వ పాఠశాలల్లో ఒకటి నుండి ఎనిమిదో తరగతి వరకు ఇంగ్లీషు మాధ్యమం వచ్చింది. దానితోపాటు ఒక పుట ఇంగ్లీషు, ఎదుటి పుట తెలుగుగా ద్విభాషా పుస్తకాలు అచ్చయ్యాయి. మరోవైపు 2020 నాటి జాతీయ విద్యావిధానం ప్రాథమిక దశలో మాతృభాషకు పెద్దపీట వేయమంటున్నది. 2021లో ఇంజనీరింగు పట్టా చదువును తెలుగుతో సహా కొన్ని భారతీయ భాషల్లో బోధించడానికి అనుమతి వచ్చింది. వైద్య ప్రవేశ పరీక్షను తెలుగులోనూ ఉర్దూలోనూ రాయవచ్చు. పాఠ్యగ్రంథాల అనువాదానికి యంత్రాలు సాయం చేస్తున్నాయి.

పేద తల్లిదండ్రులు ఇంగ్లీషు కోరుకోవడం తప్పు కాదు. పరాయి భాష మీద మోజు అని వారిని నిందించేవారు తమ పిల్లలను ఏ బడికి పంపుతున్నారో ముందు చూసుకోవాలి. కాని హైదరీ వంద సంవత్సరాల క్రితం చెప్పిన ప్రమాదం ఈనాడూ పొంచి ఉన్నది. అర్థం తెలియని భాషలో పాఠం వినే పిల్లవాడు బట్టీ పడతాడు. బట్టీ పట్టినది పరీక్ష దాటాక నిలవదు. ఎదుటి పుటలోని తెలుగు చదివి, ఈ పుటలోని ఇంగ్లీషును అందుకునేలా ఉపాధ్యాయుడు నేర్పితే ద్విభాషా పుస్తకం వంతెన అవుతుంది. నేర్పకపోతే రెండింతల బరువు అవుతుంది. 2020లో కరోనా వల్ల బడులు మూతపడి, దూరదర్శన్ యాదగిరిలోనూ టీశాట్‌లోనూ పాఠాలు ప్రసారమైనప్పుడు తేలిన సత్యం కూడా ఇదే: పాఠం ఇంటిదాకా వచ్చినా, సందేహం తీర్చే మనిషి పక్కన లేకపోతే అది గడప దగ్గరే ఆగిపోతుంది.

దారుల్ తర్జుమా నుండి తీసుకోవలసిన పాఠం స్పష్టం. ముందు గ్రంథం, ఆపై ఉపాధ్యాయుడు, ఆ తరువాతే భవనం, యంత్రం. ఉస్మానియా లోపం నుండి తీసుకోవలసిన పాఠం ఇంకా స్పష్టం. తమ బిడ్డకు కావాలన్నది పొరుగువాని బిడ్డకూ కావాలి. ఈ ప్రాంతపు మదర్సాలకు, ముస్లిం విద్యాసంస్థలకు ఇందులో ప్రత్యేకమైన పని ఉన్నది. ఉర్దూను విడవకుండానే తెలుగు చదవడం, రాయడం దిట్టంగా నేర్పడం. గణిత, విజ్ఞాన శాస్త్రాల ముఖ్యపదాలకు ఉర్దూ, తెలుగు, ఇంగ్లీషు మాటలను పక్కపక్కన పెట్టి, నాలుగు సులభమైన వాక్యాల్లో విప్పి చెప్పే చిన్న పుస్తకాలు తయారుచేయడం. దీనికి ఫర్మానా అక్కరలేదు. మూడు భాషలూ తెలిసిన నలుగురు ఉపాధ్యాయులు, ఏడాది పాటు ఓపిక ఉంటే చాలు. నాడు బగ్దాదులోనూ హైదరాబాదులోనూ పండితుల కోసం జరిగిన పని, నేడు రేగొండలో ఐదో తరగతి పిల్లవాని కోసం జరగవలసి ఉన్నది.