లీకు నిజమా, పబ్లిసిటీ స్టంటా?

సినిమా అయినా గేమ్ అయినా విడుదలకి ముందే బయటకొచ్చిందంటే చాలు, "వాళ్ళే కావాలని వదిలారు" అనేవాళ్ళు తయారు. 2013 సెప్టెంబర్‌లో 'అత్తారింటికి దారేది' సుమారు గంటన్నర నెట్‌లోకి వచ్చినప్పుడూ ఇదే మాట.

ఇలాంటప్పుడు చూడాల్సింది సొంతదారు ఏమన్నాడని కాదు, ఏం చేశాడని. పోలీసు కేసు పెట్టారు. అరెస్టులు జరిగాయి. అక్టోబర్ 9న రావాల్సిన సినిమాని హడావిడిగా సెప్టెంబర్ 27నే వదిలేశారు. స్టంట్ కోసం ఎవరైనా ఇంత తంటాలు పడతారా?

గేముల్లోనూ అంతే. 2003లో హాఫ్‌లైఫ్ 2 సోర్స్ కోడ్ దొంగల పాలైతే వాల్వ్ కంపెనీయే ఒప్పుకుంది. ఆ గేమ్ చివరికి 2004 నవంబర్‌లో గానీ రాలేదు. 2022 సెప్టెంబర్‌లో జీటీఏ 6 వీడియోలు దాదాపు 90 బయటపడితే "గ్రాఫిక్స్ ఇంత నాసిరకమా, ఫేక్" అన్నారు కొందరు. కోడ్ రాసే మనకి అదే కదా సాక్ష్యం! తెర మీద డీబగ్ రాతలు, సగంలో ఉన్న బొమ్మలు. మోసగాడు ఒక అందమైన పోస్టర్ చేస్తాడు గానీ, తొంభై వీడియోల్లో సగం పని చూపిస్తాడా? మర్నాడే రాక్‌స్టార్ కంపెనీ నిజమేనని చెప్పింది.

నా లెక్క ఇది: సరుకు ఎంత? పచ్చిగా ఉందా? నష్టం ఎవరికి? ఒక్క స్క్రీన్‌షాట్, "లోపలివాళ్ళు చెప్పారు" అనే ముక్క ఈ పరీక్షలో నిలబడవు.

ఇంకో మాట. స్టంట్ అనేసుకుంటే దొంగ కాపీ చూడ్డానికి మనసు తేలిగ్గా ఒప్పుకుంటుంది. ఆ మాట అంత త్వరగా మన నోటికి రావడానికి అసలు కారణం అదేనేమో, ఆలోచించండి.