పది హిట్లు, డెబ్బై ఆరేళ్ళు

బేస్‌బాల్ ఆటగాడు విల్లీ మేస్ 2024 జూన్ 18న కాలిఫోర్నియాలో కన్నుమూశాడు. వయసు 93. ఆ సాయంత్రం మా బర్మింగ్‌హామ్‌లోని రిక్‌వుడ్ ఫీల్డ్‌లో ఓ దిగువ శ్రేణి లీగు మ్యాచ్ జరుగుతోంది. మైకులో కబురు చెప్పగానే జనం లేచి నిలబడి "విల్లీ, విల్లీ" అంటూ చప్పట్లు కొట్టారు. బేస్‌బాల్ మనవాళ్ళకు పెద్దగా పట్టదు, నిజమే. అయినా ఈ మనిషి గురించి మీకు చెప్పాలి. అమెరికా అంటే ఏమిటో నాకు చాలావరకు తెలిసింది ఇతని కథతోనే.

ఇనుప ఖనిజం, బొగ్గు, సున్నపురాయి మూడూ ఒక్కచోటే దొరకడంతో 1871లో అలబామాలో వెలసిన ఊరు బర్మింగ్‌హామ్. మేస్ 1931లో ఊరి శివారున, ఉక్కు కార్మికులుండే వెస్ట్‌ఫీల్డ్‌లో పుట్టాడు. తండ్రి మిల్లులో పని చేస్తూ మిల్లు జట్టులో ఆడేవాడు. కొడుకు 1948లో, ఇంకా హైస్కూల్లో ఉండగానే, నల్లవాళ్ళ జట్టు బ్లాక్ బారన్స్‌లో చేరాడు.

వాళ్ళు ఆడింది రిక్‌వుడ్‌లోనే. 1910లో కట్టిన ఆ మైదానం తెల్లవాళ్ళ జట్టు బారన్స్‌ది. వాళ్ళు పై ఊళ్ళకు వెళ్ళినప్పుడే వీళ్ళకు దొరికేది. తెల్లవాళ్ళు ఆడే రోజున నల్ల ప్రేక్షకులు కుడివైపు చివర విడిగా ఉన్న బల్లల మీదే కూర్చోవాలి. రెండు గ్లాసుల పద్ధతి చూసినవాళ్ళకు ఇంతకు మించి చెప్పక్కర్లేదు. తెల్లవాళ్ళు, నల్లవాళ్ళు కలిసి పేకాడినా, పాచికలాడినా నేరమని నగరం చట్టం చేసింది. 1950లో ఆ జాబితాలో బేస్‌బాల్ కూడా చేరింది. మేస్ న్యూయార్క్ జెయింట్స్‌తో ఒప్పందం కుదుర్చుకున్నదీ ఆ ఏడాదే.

అక్కడ అతను ఆడిన ఆట గురించి ఒక్క ముచ్చట చెబుతాను. 1954 వరల్డ్ సిరీస్, మొదటి మ్యాచ్. బంతి మైదానం లోలోపలికి వెళ్ళింది. మేస్ దానికి వీపు పెట్టి పరుగెత్తాడు. వెనక్కి తిరగకుండానే, భుజం మీదుగా వచ్చిన బంతిని గ్లవ్‌లో పట్టి, గిర్రున తిరిగి విసిరాడు. ఆ విసురుకు టోపీ ఎగిరిపోయింది, తానూ పడ్డాడు. ఆ పాత ఫిల్ము ఎన్నిసార్లు చూసినా నాకు ఒళ్ళు పులకరిస్తుంది. అంతటి ఆటగాడికీ 1957లో, జట్టు తరలివెళ్ళిన శాన్‌ఫ్రాన్సిస్కోలో ఇల్లు అమ్మడానికి మొదట ఒప్పుకోలేదు. వివక్ష దక్షిణాది సొత్తే కాదు.

ఇక్కడేమో, తెల్లవాళ్ళ బారన్స్ ఆడే లీగు, నల్లవాళ్ళను చేర్చుకోవడం ఇష్టంలేని సదరన్ అసోసియేషన్, 1961తో మూతపడింది. బర్మింగ్‌హామ్‌కు రెండేళ్ళు జట్టే లేదు. 1963లో ఇదే ఊళ్ళో సమాన హక్కుల కోసం ఊరేగిన బడిపిల్లల మీదికి పోలీసు కుక్కల్ని వదిలారు, గొట్టాలతో నీటిధారలు కొట్టారు. సెప్టెంబరులో చర్చిలో బాంబు పేలి నలుగురు ఆడపిల్లలు చనిపోయారు. ఆ ఉద్యమం తెచ్చిందే 1964 పౌరహక్కుల చట్టం. ఆ ఊపులోనే 1965లో వలస చట్టం మారింది. మన డాక్టర్లు, ఇంజినీర్లు పెద్ద సంఖ్యలో ఈ దేశం రాగలిగింది ఆ తర్వాతే. అందుకే మేస్ పోతే నాకు పరాయివాడెవరో పోయినట్టు అనిపించలేదు.

నల్లవాళ్ళ లీగుల ఆటను, అమెరికాలో అన్నిటికన్నా పై స్థాయి బేస్‌బాల్ లీగైన మేజర్ లీగ్ తన అధికారిక రికార్డుల్లో చేర్చింది 2024 మే నెలాఖరున. పరిశోధకులు పాత పత్రికల్లోని స్కోర్లు ఏళ్ళ తరబడి ఏరి కూర్చారు. దాంతో మేస్‌కు 1948 నాటి 10 హిట్లు (బంతిని కొట్టి బేస్ చేరుకున్న సందర్భాలు) కలిశాయి. మొత్తం 3,283 నుంచి 3,293కి చేరింది. అప్పటికి అతనికి మిగిలిన ఆయుష్షు మూడు వారాలు.

చనిపోయిన రెండు రోజులకు, అతని గౌరవార్థం ముందే అనుకున్న మేజర్ లీగ్ మ్యాచ్ రిక్‌వుడ్‌లో జరిగింది. ఆ రోజు మాజీ ఆటగాడు రెజీ జాక్సన్, 1967లో ఈ ఊళ్ళో ఆడినప్పుడు హోటళ్ళలో తనకు తిండీ గదీ లేవన్న సంగతి టీవీలో అందరి ముందూ చెప్పాడు. నివాళి రోజున అలాంటి మాట రావడమే న్యాయమని నాకనిపించింది.

రికార్డుల్లోకి తీసుకున్నది 1920 నుంచి 1948 వరకే. నల్ల ఆటగాళ్ళు మేజర్ లీగ్‌కు వెళ్ళిపోవడంతో ఆ తర్వాత ఈ లీగుల స్థాయి పడిపోయిందని దానికి చెప్పే కారణం. మేస్ 1949లోనూ, 1950లోనూ బ్లాక్ బారన్స్‌కు ఆడాడు. ఆ హిట్లు ఇప్పటికీ లెక్కలోకి రాలేదు.