సర్వర్ల పరకాయ ప్రవేశం



ఆది శంకరులు తమ దేహాన్ని విడిచి అమరుక మహారాజు శరీరంలో ప్రవేశించారనీ, ఆయన తిరిగి వచ్చేదాకా శిష్యులు ఆ దేహాన్ని కాపాడారనీ చెప్పే కథను మీరు వినే ఉంటారు. కంప్యూటర్ల చరిత్రలోనూ ఇలాంటి పరకాయ ప్రవేశం ఒకటుంది. ఒక సర్వరును అందులోని ప్రోగ్రాములు, సమాచారంతో సహా ఇనుప పెట్టె నుంచి విడదీసి, వేరొక యంత్రంలో 'వర్చువల్ మెషీన్'గా నడిపించడమే అది.

ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. 1960లలో పెద్ద కంప్యూటరు ఒక గదినే ఆక్రమించేది. ఇంత ఖరీదైన యంత్రాన్ని ఒక్కరే వాడితే దండగ కదా! అమెరికాలోని కేంబ్రిడ్జిలో రాబర్ట్ క్రీసీ నాయకత్వంలో ఐ.బి.ఎం. నిపుణులు సి.పి.-40 అనే వ్యవస్థను రూపొందించారు. 1967లో అది వాడుకలోకి వచ్చింది. యంత్రం ఒక్కటే అయినా, ప్రతి ఒక్కరికీ తనకో సొంత కంప్యూటరు ఉన్నట్లే తోచేది. 1972లో ఐ.బి.ఎం. వి.ఎం./370ని ప్రకటించింది. ఏ యంత్రానికి ఇది సాధ్యమో చెప్పే నియమాలను 1974లో పోపెక్, గోల్డ్‌బర్గ్ వివరించారు.

తరువాత చౌకగా చిన్న కంప్యూటర్లు రావడంతో ఈ విద్య మరుగున పడింది. ఒక ప్రోగ్రాము చెడితే మరొకటి ఆగకూడదని ఒక్కో పనికి ఒక్కో సర్వరు కొన్నారు. వాటిలో చాలా భాగం ఎక్కువ సమయం ఖాళీగానే ఉన్నా కరెంటు మాత్రం కాలుతూనే ఉండేది. పైగా వీటిలోని ఎక్స్86 ప్రాసెసర్లు పోపెక్, గోల్డ్‌బర్గ్ నియమాలకు లొంగేవి కావు. 1998లో ప్రారంభమైన వి.ఎం.వేర్ సంస్థ, చిక్కు తెచ్చే ఆదేశాలను నడుస్తుండగానే అనువదించే ఉపాయంతో 1999లో తొలి ఉత్పత్తిని తెచ్చింది. 2005-06లలో ఇంటెల్, ఎ.ఎం.డి. సంస్థలు ఈ సదుపాయాన్ని చిప్‌లోనే చేర్చాయి. 2007లో లినక్స్‌లో కె.వి.ఎం. చేరింది.

మరి పాత సర్వరును మార్చడం ఎలా? ముందుగా డేటాబేస్‌ను ఆపాలి. రాస్తూ ఉన్న ఖాతాను నకలు తీస్తే లెక్క తప్పుతుంది. తరువాత డిస్కు మొత్తాన్ని ఒక ఫైలుగా నకలు తీయాలి. కొత్త 'శరీరం'లో డిస్కు కంట్రోలరు, నెట్‌వర్కు కార్డు వేరు కనుక వాటికి తగిన డ్రైవర్లు చేర్చాలి. లేకుంటే యంత్రం మేలుకోదు. చివరగా, పాత సర్వరు నెట్‌వర్కు తీగను తీసిన తరువాతే కొత్తదాన్ని నెట్‌వర్కుకు కలపాలి. ఒకే చిరునామాతో ఇద్దరుంటే ఉత్తరం ఎవరికి చేరుతుంది?

ఇంత శ్రమ ఎందుకంటారా? ఒక కార్యాలయపు జీతాల ప్రోగ్రామును ఊహించుకోండి. రాసినవారు వెళ్ళిపోయారు, దాని సీడీలు లేవు, యంత్రానికి విడిభాగాలు దొరకవు. ఆ పెట్టె ఆగిన రోజున ఏళ్ళ తరబడి లెక్కలూ ఆగిపోతాయి. ఇలాంటివాటిని ఈ పద్ధతి బతికిస్తుంది.

అయితే పాత ప్రోగ్రాములోని భద్రతా లోపాలు కూడా వెంట వస్తాయని మరవకండి. పది సర్వర్లను ఒకే యంత్రంలో పెడితే, అది చెడినప్పుడు పదీ ఆగుతాయి. అందుకే విడిగా నకళ్ళు ఉంచుకోవాలి. కొత్తది సరిగా నడుస్తోందని రూఢి అయ్యేదాకా పాత యంత్రాన్ని తుక్కుకు వేయకూడదు. శిష్యులు దేహానికి కాపలా కాసింది కూడా అందుకే కదా!

ఇప్పుడు మీరే ఆలోచించండి: సర్వరు అంటే ఆ ఇనుప పెట్టేనా, లేక అందులో నడిచే పనా?